చెల్లు వేసిన నోటు

మా చిన్నప్పుడు మా పల్లెలో ఒక పెద్దమనిషి వుండేవాడు. ఆయనకు అప్పులు చేయడం ఎంత అలవాటో, తీర్చడమూ అంతే అలవాటు. అయితే అందరిలాగా అప్పు తీరగానే నోటు చింపి అవతల పారేసేవాడు కాదు. వెనకాల ‘చెల్లు’ అని రాయించుకుని, మడతపెట్టి, రేకు పెట్టెలో దాచుకునేవాడు. అంతవరకూ బాగానే వుంది, లోకంలో జాగ్రత్తపరులకు కొదవ లేదు. కాని ఏడాదికోసారి ఇంటికి సున్నం వేసేటప్పుడు ఆ పెట్టె తెరిచి, ఒక్కొక్క నోటే తీసి చదువుకుని, “అమ్మో, ఎంత అప్పు, ఎంత అప్పు!” అని నిట్టూర్చేవాడు. “తీరిపోయింది గదా తాతా!” అని మేం నవ్వితే, “తీరితే మాత్రం చేసింది అబద్ధమవుతుందట్రా?” అని కసిరేవాడు.

ఆ తాతను తలుచుకుని చాలాకాలం నవ్వుకున్నాను. డెబ్బై దగ్గరపడ్డాక తెలిసింది, నా దగ్గరా అలాంటి పెట్టె ఒకటి వుందని. కాకపోతే తాత పెట్టె ఇంట్లో వుండేది. నాది నా లోపల వుంది.

తప్పు చేసినవాడికి మనసు కుట్టాలి. అందులో సందేహం లేదు. కాలికి ముల్లు గుచ్చుకుంటే నొప్పి పుట్టాలి. పుట్టకపోతే ఆ కాలికి జబ్బు చేసిందన్నమాట. నొప్పి వుంది గనకనే మనిషి ఆగి, కూర్చుని, ముల్లు తీసుకుంటాడు. అంతవరకూ నొప్పి మనకు మేలే చేసింది. కాని ముల్లు తీసేసిన తర్వాత కూడా జీవితాంతం కుంటుతూ నడిచేవాణ్ణి ఏమనాలి? నడక మరిచిపోయాడనాలా? కుంటడమే ఒక సుగుణమనుకుంటున్నాడనాలా?

నా సంగతి చెబుతాను. పెద్ద నేరమేమీ కాదు. మీలో కొందరు ‘ఇంతేనా!’ అనుకుంటారు కూడా.

అది 1974వ సంవత్సరం. నాన్న పోయి మూడేళ్లయింది. నేను సమితి స్కూల్లో పంతులుగా చేరి రెండో ఏడు. తమ్ముడు పదో తరగతి ప్యాసయ్యాడు. హనుమకొండ వెళ్లి ఇంటర్‌లో చేరతానన్నాడు. ఫీజుకూ, గదికీ, పుస్తకాలకూ కలిపి నూట ఎనభై రూపాయలు కావాలన్నాడు. “లేవురా” అన్నాను.

వున్నాయి. నా ట్రంకు పెట్టెలో, ఇస్త్రీ పాంటు కింద, రెండు వందల చిల్లర వున్నాయి. ఆరు నెలలుగా కూడబెట్టుకుంటున్నాను, హెచ్ఎంటి చేతిగడియారం కోసం. తోటి పంతుళ్లందరి చేతులకీ గడియారాలున్నాయి. నేను మాత్రం పిల్లల ముందు గోడ నీడ చూసి గంట కొట్టించేవాణ్ణి. మళ్లీ ఏడాది చేరుదువులే అన్నాను వాడితో. వాడు మారుమాట్లాడలేదు. నెల తిరగకుండా నా చేతికి గడియారం వచ్చింది. వాడికి మాత్రం ఆ ‘మళ్లీ ఏడాది’ రాలేదు. ములుగులో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. తర్వాత వ్యవసాయంలోకి దిగాడు.

వాడు చెడిపోలేదు. పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని చదివించాడు, చెరువు కింద రెండెకరాలు కొన్నాడు. నన్ను ‘అన్నా’ అని పిలవడంలో ఏనాడూ తేడా రానివ్వలేదు. అదే నన్ను మరీ బాధించేది. తిట్టేవాడికి జవాబు చెప్పుకోవచ్చు. పండగకు కొత్తబియ్యం మూట పంపేవాడికి ఏం చెబుతాం?

గడియారం రెండేళ్లు పెట్టుకున్నాను. తర్వాత పెట్టుకోలేకపోయాను.

మాది మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. దక్షిణ ఇండియా సంఘం, దోర్నకల్ అధ్యక్ష మండలం. మా ఆరాధనలో ప్రభు భోజనానికి ముందు అందరం కలిసి పాపాలు ఒప్పుకుంటాం. అయ్యగారు క్షమాపణ వాక్యం చెబుతారు. ఒప్పుకునేటప్పుడు నా గొంతు అందరికంటే గట్టిగా వినబడేది. క్షమాపణ వాక్యం దగ్గరకు వచ్చేసరికి మాత్రం, అది నా పక్కనున్నవాళ్లకు చెబుతున్నట్టు వుండేది. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే వరస కదిలే వేళకు నాకు ఏదో ఒక పని తగిలేది. కానుకల లెక్క చూడాలనేవాణ్ణి. బయట పిల్లలు గోల చేస్తున్నారనేవాణ్ణి. చర్చి కమిటీలో నా అంత కష్టపడి పనిచేసేవాడు లేడని పేరు కూడా వచ్చింది. అసలు సంగతి మా ఆవిడ ఒక్కత్తెకే తెలుసు. “మాఫ్ చేసేటాయన చేసినంక మీదేమున్నది? దేవునికన్న మీరు పెద్ద జడ్జా?” అనేది. ఆడవాళ్లకు వేదాంతం తెలియదని సరిపెట్టుకునేవాణ్ణి.

2021 జూలై 25న పాలంపేట రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మా తమ్ముడి పల్లె ఆ పక్కనే. ఆ ఏడు డిసెంబరులో వాడింటికి వెళితే, “అన్నా, లోకమంత వచ్చి చూస్తున్నది, మనం చూడకుంటే ఎట్ల?” అని బయలుదేరదీశాడు. చిన్నప్పుడు గొడ్లు మేపుకుంటూ ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. అయినా టిక్కెట్టు కొన్నట్టు గంభీరంగా వెళ్లాం.

గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. దేవుడి పేరు రామలింగేశ్వరుడే అయినా, చెక్కిన శిల్పి పేరుతో రామప్ప గుడి అయిందని ప్రతీతి. శిఖరంలోని ఇటుకలు నీళ్లలో వేస్తే తేలతాయి. పునాది గోతిని ఇసుకతో నింపి, దానిమీద లేపిన కట్టడమట. భూమి అదిరినప్పుడు ఆ ఇసుక కదిలి, సర్దుకుని, అదురును తనలో కలుపుకుంటుందట. ఎనిమిది వందల ఏళ్లలో లోపలి నేల అక్కడక్కడా కుంగింది, రాళ్లు ఒరిగాయి. గుడి మాత్రం నిలబడే వుంది.

గైడు ఇదంతా చెబుతుంటే మా తమ్ముడు నా చెవిలో, “ఇసుక మీద ఇల్లు కట్టినోడు తెలివిలేనోడని ఏసయ్య చెప్పె. మరి గీ గుడేందన్నా, ఇసుక మీదనే నిలవడ్డది?” అన్నాడు. “అది విడిగా వున్న ఇసుకరా, ఇది గోతిలో బిగించిన ఇసుక” అన్నాను పంతులుగారి ధోరణిలో. వాడు తలూపాడు. “అంటే, గట్టిగుండుడు ఒక్కటే కాదన్నట్టు. జెరంత సర్దుకునుడు గూడ వుండాలె” అన్నాడు.

రామప్ప గుడి పక్కన కామేశ్వరాలయం అని మరొకటి వుండేది. శిథిలమైపోతుంటే, తిరిగి కట్టాలని పురావస్తు శాఖవారు దాన్ని రాయి రాయిగా విప్పారు. ఏ రాయి ఎక్కడిదో తెలియడానికి అంకెలు వేశారు. విప్పిన తర్వాత మాత్రం పని సాగక, ఆ రాళ్లు ఏళ్ల తరబడి అలాగే పడివున్నాయి. ఆ రోజు మేం చూసినప్పుడూ అలాగే వున్నాయి. ఆ పక్కనే చెట్టు నీడన కూర్చున్నాం.

“అన్నా, ఒక మాట అడుగుత, ఏమనుకోవు గద?” అన్నాడు తమ్ముడు. “నేను కాలేజీకి పైసలడిగితే లేవన్నవు, యాదికున్నదా? నీ పెట్టెల ఉన్నయని నాకు ఎరుకే. పొద్దుగాల బట్టలు సర్దంగ అమ్మ చూసింది. నాతోని చెప్పింది.”

నలభై ఏడేళ్లు మనసులో ఒప్పుకుంటూ వచ్చిన తప్పు అది. ప్రతి ఆదివారం దేవుడి ముందు ఒప్పుకున్నదే. అది ఎదురుగా వచ్చి కూర్చుంటే నేనేమన్నానో తెలుసా? “అవి వేరే పైసలురా. స్కూలువి” అన్నాను!

వాడు పకపకా నవ్వాడు. “ఇంక స్కూలువేనా అన్నా? యాభై యేండ్లు కావొచ్చె!”

నాకు సిగ్గు వేసింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. “తెలిసీ ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదురా?” అన్నాను.

“చెప్పేదేమున్నది? నీ చేతికి గడియారం చూసిన్నాడు కడుపు మండింది. ఒక యేడాది మండింది. అటెన్క ఇడిసిపెట్టిన. నువ్వు గూడ మర్చిపోయినవనుకున్న. ఆ గడియారం పెట్టుకుంటలేవని మొన్న వదినె చెప్పింది. గందుకే అడుగుతున్న. నేను ఇడిసిపెట్టిన దాన్ని నువ్వు పట్టుకొని కూసుంటే, ఇగ నేను ఇడిసిపెట్టి ఏం లాభం?”

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తమ్ముడు క్షమించినందుకు సంతోషించవలసింది పోయి నాకు కోపం ఎందుకు వచ్చింది? ఆలోచించగా ఆలోచించగా తెలిసివచ్చింది. ఇన్నాళ్లూ ఆ కేసులో ముద్దాయినీ నేనే, సాక్షినీ నేనే, జడ్జినీ నేనే. నా అనుమతి లేకుండా వాడు ఎప్పుడో కేసు కొట్టేశాడు. నా బాధ అంతా పశ్చాత్తాపమే అనుకున్నాను. అందులో అహంకారం కూడా పాలు పంచుకుందని తెలియలేదు. ‘నేను చేసింది సామాన్యమైన తప్పా? దేవుడి క్షమాపణకు కూడా లొంగేది కాదు’ అనుకోవడంలో ఒక గొప్ప వుంది చూశారూ! మంచిపనుల్లో గొప్పతనం దొరకనివాడు తప్పులోనైనా దాన్ని వెతుక్కుంటాడు.

మత్తయి సువార్తలో ఏసుప్రభువు నేర్పిన ప్రార్థనలో మన తెలుగు బైబిలు ‘ఋణములు’ అనే మాట వాడింది. లూకాలో అదే ప్రార్థన వచ్చినచోట ‘పాపములు’ అంది. పాపాన్ని అప్పుగా చెప్పడం మనవాళ్లకు వెంటనే తెలిసే మాట. అప్పుకు ఒక స్వభావం వుంది. దాన్ని రద్దు చేసే హక్కు ఇచ్చినవాడిదే గాని తీసుకున్నవాడిది కాదు. ‘నా అప్పు నేనే మాఫ్ చేసుకుంటున్నాను’ అంటే వూళ్లో నవ్వుతారు. సరే, మరి అప్పిచ్చినవాడు చెల్లు అన్న తర్వాత ‘అబ్బే, ఇంకా వుంది’ అని పట్టుబట్టే హక్కు తీసుకున్నవాడికి ఎక్కడిది? అదీ నవ్వవలసిన విషయమే. ప్రామిసరీ నోటుకు మూడేళ్లకు కాలదోషం పడుతుంది. మన మనసులో రాసుకున్న నోటుకు నలభై ఏడేళ్లయినా పట్టదు. ఎవరో చెల్లు వేయవలసిందే, అది చెల్లు అని మనం నమ్మవలసిందే.

ఇద్దరు శిష్యుల సంగతి చూడండి. యూదా గురువును పట్టించాడు. పేతురు గురువును ఎరగనని మూడుసార్లు అన్నాడు. ఇద్దరూ కుమిలిపోయారు. ఆ మాటకొస్తే యూదా ఒక అడుగు ముందుకే వేశాడు. తప్పు చేశానని ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగి ఇచ్చేశాడు. పేతురు ఇచ్చిందేమీ లేదు, ఏడ్చాడంతే. మరి తేడా ఎక్కడ వచ్చింది? యూదా తన తీర్పు తానే రాసుకుని, తానే అమలు జరుపుకున్నాడు. పేతురు బతికి వున్నాడు. వున్నాడు గనక, తిబెరియ సముద్రపు ఒడ్డున తెల్లవారుజామున గురువు కనబడినప్పుడు పడవలోంచి దూకి ఎదురు వెళ్లాడు. ఏ నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ ఎరగనన్నాడో, అలాంటి నిప్పుల దగ్గరే కూర్చుని ఆయన పెట్టిన చేపలు తిన్నాడు. ఆయన ‘ఎందుకలా చేశావు?’ అని అడగలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, మందను మేపే పని అప్పగించాడు.

తప్పిపోయిన కుమారుడి కథ మీ అందరికీ తెలుసు. ఆ కుర్రాడు దారిలో ఒక ఉపన్యాసం తయారుచేసుకుంటాడు. కొడుకునని అనిపించుకోను, కూలివాడిగా వుండనిస్తే చాలని దాని సారాంశం. చదివేటప్పుడు ఎంత వినయం అనిపిస్తుంది! ఇప్పుడు నాకు అందులో కాస్త లెక్క కూడా కనిపిస్తోంది. కూలివాడికి జీతం వస్తుంది. జీతంలోంచి అప్పు తీర్చుకోవచ్చు. ఎవరికీ పడి వుండనక్కర్లేదు. తండ్రి ఆ కూలి మాట రానివ్వనే లేదు. మంచి వస్త్రం తెమ్మన్నాడు, వేలికి ఉంగరం, కాళ్లకు చెప్పులు పెట్టమన్నాడు. ఆ కుర్రాడు చేసిన కష్టమైన పని పందుల దగ్గర నుంచి లేచి రావడం కాదు. నలుగురిలో ఆ ఉంగరం పెట్టించుకుని, కిమ్మనకుండా విందులో కూర్చోవడం.

‘అందరూ ఇలా దులిపేసుకుంటే లోకం ఏమవుతుంది?’ అని మీరు అడగవచ్చు. అడగవలసిందే. హిట్లరును ఎదిరించి 1945లో ఉరికంబమెక్కిన జర్మను పాదిరి బోన్‌హోఫర్ దీన్నే చవకబారు కృప అన్నాడు. పక్కవాడి పొలం గట్టు జరిపి, ఆదివారం ‘ప్రభువు క్షమించాడు’ అని పాటలు పాడేవాణ్ణి నేనూ ఎరుగుదును. ముందు గట్టు వెనక్కి జరపాలి. జక్కయ్య అలాగే చేశాడు, ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. కాని వరస గమనించండి. ప్రభువు ముందు వాడింటికి అతిథిగా వచ్చాడు. తర్వాతే వాడు పెట్టె తెరిచాడు. క్షమాపణ కొనుక్కోవడానికి ఇవ్వలేదు, దొరికిందన్న ఆనందంలో ఇచ్చాడు.

ఈ తేడా నాకు మా తమ్ముడే నేర్పాడు. పాలంపేట నుంచి వచ్చిన వారానికి పదివేలు కవరులో పెట్టి, మనవరాలి కాలేజీ ఫీజుకని పట్టుకెళ్లాను. వాడు కవరు ముట్టుకోలేదు. “పిల్ల ఫీజుకిస్తే తీసుకుంట. నీ తప్పుకిస్తే తీసుకోను. ఏది?” అన్నాడు. చాలాసేపు జవాబు చెప్పలేకపోయాను. చివరికి, “పిల్లకేరా” అన్నాను. ఆ మాట అనడానికి నాకు నూట ఎనభై రూపాయలు ఇవ్వడంకంటే కష్టమైంది. వాడు కవరు తీసుకుని, లెక్కపెట్టి, “తక్కువున్నయి, ఇంకో రెండు వేలు పట్టు” అన్నాడు. ఇద్దరం నవ్వాం.

పాలంపేటలో అంకెలు వేసి పడివున్న ఆ రాళ్లు గుర్తొచ్చాయి. పశ్చాత్తాపం కూడా గుడి విప్పడం లాంటిదే. ఏ రాయి ఎక్కడ తప్పిందో చూసుకోవాలి, అంకె వేసుకోవాలి. అది లేకుండా కట్టడం బాగుపడదు. కాని విప్పింది తిరిగి కట్టడానికి. నేను నలభై ఏడేళ్లు అంకెలు చెరిగిపోకుండా దిద్దుకుంటూ కూర్చున్నాను. అదే భక్తి అనుకున్నాను.

ఆ క్రిస్మసుకు తమ్ముడు మా చర్చికి వచ్చాడు. మా ఆరాధన క్రమంలో ఒక మంచి ఆచారం వుంది. 1947లో మా సంఘం ఏర్పడ్డాక, 1950లో తయారైన ప్రభు భోజన క్రమంలో దాన్ని చేర్చారు. కేరళలోని సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్నది. బల్ల దగ్గర మొదలై, శాంతి అనేది చేతిలోంచి చేతిలోకి, మనిషి నుంచి మనిషికి, వరస చివరిదాకా సాగుతుంది. ఇచ్చేవాడు తన రెండు అరచేతులతో పక్కవాడి చేతిని పట్టుకుంటాడు. ఆ రోజు నాకు శాంతి ఇవ్వవలసినవాడు నా తమ్ముడు. పొలం పని చేసి మొద్దుబారిన చేతులు. నేను చేయవలసిందల్లా ఒకటే, పిడికిలి విప్పడం. విప్పాను. తర్వాత నా పక్కనున్న ముసలాయనకు దాన్ని అందించాను. నా దగ్గర ఆగితే ఆయనకు అందదు గదా! అన్నేళ్లూ నేను వరసలోంచి లేచిపోయినప్పుడల్లా నా తర్వాతివాళ్లకు శాంతి ఎలా వెళ్లిందో, అంతవరకూ ఆ ఆలోచనే నాకు రాలేదు.

ఆ రోజు కానుకల లెక్క వేరేవాళ్లు చూశారు. తేడా ఏమీ రాలేదట.

ఇంటికి వచ్చి ట్రంకు పెట్టె అడుగున వున్న గడియారం తీశాను. తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. “నడుస్తున్నదన్నా!” అన్నాడు. వాడినే తీసుకోమన్నాను. “నాకెందుకు, నాకు ఫోన్ల కనవడ్తది. నీ చేతికి నువ్వే పెట్టుకో” అని వాడే నా మణికట్టుకు కట్టాడు.

రోజూ పెట్టుకుంటున్నాను. రోజుకు మూడు నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. పొద్దున్నే కీ ఇచ్చేటప్పుడు ఆ నిమిషాలు సరిచేసుకుంటాను. ఒక్కోరోజు ఆ పాత ‘లేవురా’ అన్న మాట చెవిలో పడుతూనే వుంటుంది. చేసింది అబద్ధం కాదు గదా, తాత చెప్పినట్టు! కాని నోటు తిప్పి వెనక చూసుకోవడం ఇప్పుడు అలవాటు చేసుకున్నాను. అక్కడ రాసి వున్నది నా చేతిరాత కాదు.